తాతగారి 1984 బుల్లెట్‌కు కొత్త రూపం: ఇంటి షెడ్డులో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. తాతగారు నడిపిన 1984 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఆయన పోయిన తరువాత చాలా ఏళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. దాన్ని మీ చేతులతోనే విప్పి, వెనక వైపు చాసిస్ కోసి, పొట్టి ఒంటి సీటు, కిందికి వంగిన హ్యాండిల్, విడిగా గుండ్రటి హెడ్‌లైటు పెట్టి కెఫే రేసర్ రూపానికి తేవాలని ఉంది. ఆయుధపూజ నాటికి పూర్తి కావాలి. ఏ పనిముట్లు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆర్టీఏ వాళ్లతో ఇబ్బంది వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. స్పానరుతో విప్పి, మళ్లీ అదే స్పానరుతో పాత భాగాన్ని బిగించగలిగిన ఏ మార్పైనా చేసుకోండి. గ్రైండరు, రంపం, వెల్డింగు అవసరమయ్యే ఏ మార్పూ ఈ బండి మీద చేయకండి. ఈ హద్దులో ఉంటే మీరు కోరుకున్న రూపంలో చాలా వంతు దక్కుతుంది, కాగితాలూ చెల్లుతాయి. రెండవది, రూపానికి సంబంధించిన పని అన్నిటికంటే చివరన రావాలి. బండి నమ్మకంగా ఆగాలి, వణకకుండా తిరగాలి, ఇంజనులో ఆయిలు అందవలసిన చోటికి అందాలి. అంతవరకు సీటు సంగతి పక్కన పెట్టండి.

చాసిస్ కోయవద్దని ఎందుకంటున్నానో వివరిస్తాను, ఎందుకంటే ఇంటర్నెట్టులో కనిపించే ప్రతి కెఫే రేసరుకూ వెనక గొట్టాలు కోసే ఉంటాయి, అది మామూలు పనిలాగే కనిపిస్తుంది. బుల్లెట్‌లో హ్యాండిల్ మెడ నుంచి కిందికి దిగే ముందు గొట్టం ఇంజను దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఇంజను కిందుగా సాగి వెనక భాగాన్ని కలిపే గొట్టం అందులో లేదు. ఆ ఖాళీని ఇంజను, గేరుబాక్సు, వాటిని పట్టుకునే ఇనుప ప్లేట్లు పూరిస్తాయి, అంటే చాసిస్ మోయవలసిన బలంలో కొంత ఇంజనే మోస్తుంది. సీటు కింద వెనక్కి సాగే గొట్టాల మీద షాకబ్జర్ల పై బోల్టులు, సీటు, మడ్‌గార్డు, వెనక కూర్చున్న మనిషి బరువు అన్నీ ఆధారపడి ఉంటాయి. అక్కడ కోసి, జిగ్గు (భాగాలను కదలకుండా పట్టి ఉంచే చట్రం) లేకుండా నేల మీద పెట్టి వెల్డింగు చేస్తే ఆ వేడికి గొట్టం లాగుకుంటుంది. రెండు షాకబ్జర్ల పై బోల్టులు ఒకదానికొకటి రెండు మూడు మిల్లీమీటర్లు తప్పినా బండి నేరుగా పోవడం మానేస్తుంది, దాన్ని సరిచేయడం ఇంటి షెడ్డులో కుదిరే పని కాదు. కోతకు దగ్గరలో ఇత్తడితో అతికిన కీలు ఏదైనా ఉంటే ఆ ఇత్తడి కరిగి వెల్డింగులో కలిసి అతుకును పెళుసుగా చేస్తుంది. అటువంటి అతుకు ఏడాది పాటు బాగానే కనిపించి, ఒకనాడు గుంతలో పడినప్పుడు విడిపోతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా ఆర్సీలోని వివరాలు మారిపోయే మార్పు బండికి చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనునే ఆధారం చేసుకుని తయారీదారు నమూనాకు విరుద్ధమైన మార్పులు కుదరవని స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణలో చేర్చిన 182ఏ సెక్షను అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతోంది. మీ ఒంటి సీటు ఆలోచనకు ఇక్కడే అడ్డంకి ఉంది. ఆర్సీలో కూర్చునేవారి సంఖ్య 2 అని రాసి ఉంటుంది. పైగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, చీర చిక్కకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండి తీరాలంటుంది. చీర గార్డు అందం చెడగొడుతుందని చాలామంది ముందుగా దాన్నే పీకేస్తారు. మన ఊళ్లలో చీర, చున్నీ చక్రంలో చుట్టుకుని జరిగిన ప్రమాదాల గురించి విననివారు ఉండరు. దయచేసి దాన్ని తీయకండి.

మరో సంగతి, దీన్ని చాలామంది ఆలోచించరు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను పద్ధతి తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు అది వర్తిస్తుంది, వాటికి వీఏ అన్న అక్షరాలతో నంబరు ఇస్తారు. అయితే చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులేవీ లేకుండా బండి అసలు రూపంలో ఉండాలన్నది అందులోని షరతు. మీ బండికి 2034లో 50 ఏళ్లు నిండుతాయి. ఈ రోజు మీరు కోసే అర అడుగు గొట్టం ఆ అర్హతను శాశ్వతంగా పోగొడుతుంది. విప్పిన ప్రతి అసలు భాగాన్నీ, పనికిరాదనిపించినదాన్ని కూడా, గ్రీజు పూసి పాత ట్రంకు పెట్టెలో దాచండి.

కాగితాల పని స్పానరు పట్టకముందే మొదలుపెట్టండి. బండి ఇంకా తాతగారి పేరున ఉందన్నారు. యజమాని మరణించినప్పుడు వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. వ్యక్తిగత బండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి ఫారం 25తో పొడిగించుకోవాలి. ఇన్నేళ్లు కదలని బండికి ఆ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. పొడిగింపుకు బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించాలి, ఆయన చాసిస్ నంబరు, ఇంజను నంబరు పరిశీలిస్తారు. కాబట్టి ఆ నంబర్ల మీద పెయింటు దట్టంగా పేరుకోకుండా, ఇసుక కాగితంతో గీకి అరిగిపోకుండా జాగ్రత్తపడాలి. బండిని అసలు రూపంలో నడిచే స్థితికి తెచ్చి పరీక్షకు తీసుకువెళ్లి, పేరు మార్పు, పొడిగింపు అయిన తరువాతే అలంకారాల జోలికి వెళ్లడం మేలు. రంగు మార్చదలిస్తే అది కూడా ఆర్సీలో నమోదయ్యే వివరమే, అక్కడ తెలియజేసి రాయించుకోండి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిము సమయంలో అడ్డం తిరుగుతాయని కూడా గుర్తుంచుకోండి.

పనిముట్ల దగ్గరికి వస్తే, ఈ బండి ఇంగ్లండు నమూనా అన్నది మరవకూడదు. 1955లో మద్రాసు మోటర్స్ వారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఇదే బుల్లెట్‌ను దశాబ్దాలపాటు పెద్ద మార్పులు లేకుండా తయారుచేశారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండడం, బోల్టుల కొలతలు అంగుళాల్లో ఉండడం అక్కడి నుంచి వచ్చినవే. మీ దగ్గరున్న మిల్లీమీటరు స్పానర్ల సెట్టు చాలా చోట్ల సరిగ్గా కూర్చోదు. ఉదాహరణకు పావంగుళం విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు కొలత) స్పానరు నోరు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 నంబరు స్పానరు ఎక్కదు, 14 నంబరుది ఎక్కి మూలలు అరగదీస్తుంది. పాత నట్టులన్నీ గుండ్రమైపోవడానికి అసలు కారణం ఇదే. విట్‌వర్త్ కొలతల రింగు స్పానర్లు ఒక సెట్టు, కవర్ల స్క్రూలకు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు, సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజి, క్లచ్ ఊడదీసే పుల్లరు, బిగింపు బలం చూపే మంచి టార్కు రెంచి కొనుక్కోండి. సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. పాత మోడల్‌ను ఏళ్లతరబడి తయారుచేయడం వల్ల విడిభాగాలకూ కొరత లేదు, అయితే నాణ్యత ఒకలా ఉండదు. వాల్వులు, పిస్టను, బ్రేకు షూల వంటివి చవకగా దొరికాయని కొనకండి.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన బుల్లెట్‌ను చూడగానే ఎవరైనా చేసే పని కిక్కు కొట్టడం. అలా చేయకండి. ప్లగ్గు విప్పి సిలిండరులోకి కొద్దిగా పలుచని ఆయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, పిస్టను కదులుతోందో లేదో చూడండి. పట్టేసిన రింగులను బలవంతంగా కదిలిస్తే బోరు (సిలిండరు లోపలి గోడ) మీద గాట్లు పడతాయి. బుల్లెట్‌లో ఆయిలు టాంకు క్రాంకు (ఇంజను అడుగున తిరిగే ఇరుసు) కేసులోనే వెనక వైపు ఉంటుంది, బండి నిలిచి ఉన్నకొద్దీ అందులోని ఆయిలు పంపు గుండా మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. అందుచేత రెండు చోట్లా డ్రెయిను విప్పి పాతదంతా తీసేయాలి, ఫెల్టు ఫిల్టరు మార్చాలి, కొత్త ఆయిలు పోయాలి. తరువాత ప్లగ్గు లేకుండానే కొంతసేపు కిక్కు తిప్పి ఆయిలు పంపు పట్టుకునేలా చేయాలి. ఇంజను మొదటిసారి అంటుకున్నప్పుడు వాల్వులను నొక్కే రాకర్ల వైపు పోయే సన్నని ఆయిలు పైపు బోల్టును కొద్దిగా వదులు చేసి చూడండి. అక్కడ ఆయిలు ఊరుతూ ఉంటే పంపు పనిచేస్తున్నట్టు. ఊరకపోతే వెంటనే ఆపేయండి, ఒక్క నిమిషం కూడా నడపకూడదు.

ఇంజను మొత్తం విప్పాలా అంటే, అవసరం లేకుండా విప్పవద్దనే అంటాను. ముందు హెడ్డు, సిలిండరు మాత్రమే పైకి తీయండి. అప్పుడు పిస్టను, రింగులు, వాల్వు సీట్లు కళ్లకు కనిపిస్తాయి. పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును నిలువుగా పట్టుకుని పైకీ కిందికీ కదిలించి చూడండి. పక్కకు కొంచెం ఊగడం సహజమే, కాని పైకీ కిందికీ చేతికి తెలిసేంత ఆట ఉంటే పెద్ద చివర బేరింగు అరిగిందని అర్థం. ఆ కాలపు బుల్లెట్లలో అక్కడ ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉండేది, దానికి ఆయిలు కాస్త తక్కువైనా ఓర్చుకోలేదు. ఆట లేకపోతే కింది భాగాన్ని ముట్టుకోకండి. ఉంటే మాత్రం ఆ పని ఇంట్లో కాదు. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, మళ్లీ కూర్చి, డయల్ గేజితో వంకర చూసి సరిచేసే అనుభవజ్ఞుడికే ఇవ్వాలి. బోరింగు కూడా అంతే. అసలు బోరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 90. అరిగితే తరువాతి ఓవర్‌సైజు పిస్టను ముందుగా కొని, ఆ పిస్టనును చేతిలో పెట్టి మరీ లేతు షాపుకు సిలిండరు ఇవ్వండి, ఎందుకంటే బోరును పిస్టను కొలత చూసి చేయాలి గాని డబ్బా మీద అంకె చూసి కాదు.

కుడివైపు టైమింగు కవరు విప్పినట్లయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. కవరు లోపల క్రాంకుకు ఆయిలు పంపే చోట చిన్న కార్కు సీలు ఉంటుంది. కవరు తీసిన ప్రతిసారీ అది కొత్తది వేయాలి, పాతదే వాడితే ఆయిలు క్రాంకులోకి పోకుండా పక్కకు కారిపోతుంది. పది రూపాయల సరుకని దాన్ని చిన్నచూపు చూసినవారు క్రాంకు మార్చుకున్నారు. రెండవది, క్రాంకు చివర ఆయిలు పంపును తిప్పే వర్ముది (మరలాంటి పళ్ల భాగానిది) ఉల్టా త్రెడ్, అంటే కుడికి తిప్పితే వదులవుతుంది. మామూలు దిక్కులో బలం ప్రయోగిస్తే అది ఊడదు, విరుగుతుంది.

ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. టైమింగు (నిప్పురవ్వ పడే క్షణం), పూర్తిగా రిటార్డు (ఆలస్యం) స్థితిలో, పిస్టను పైచివరకు చేరడానికి 0.8 మిల్లీమీటరు ముందు ఉండగా పాయింట్లు విడిపోవడం మొదలయ్యేలా పెట్టాలి. పాయింట్ల మధ్య సన్నని కాగితం పెట్టి లాగుతూ చూస్తే అది వదులయ్యే క్షణం స్పష్టంగా తెలుస్తుంది. టాపెట్లు (వాల్వులను కదిలించే పుష్‌రాడ్ల అమరిక) ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి: పుష్‌రాడ్డు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. ఈ మూడూ సరిగ్గా ఉన్న బుల్లెట్ ఒకటి రెండు కిక్కులకే అంటుకుంటుంది. ఆంపియరు మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు నెమ్మదిగా నొక్కి, డీకంప్రెసరు (సిలిండరులోని ఒత్తిడి వదిలే లివరు) పట్టి పిస్టనును కొంచెం దాటించి, అప్పుడు పూర్తి కిక్కు వేయడం మీ తాతగారికి అలవాటైన పద్ధతే అయి ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను కిట్లు దొరుకుతున్న మాట నిజమే. పాయింట్లు పెట్టడం నేర్చుకున్న తరువాత, కావాలంటే అప్పుడు మార్చుకోండి.

బ్రేకుల మీద ఖర్చుకు వెనకాడకండి. ఆ కాలపు ఆరంగుళాల ముందు డ్రమ్ము ఈనాటి ట్రాఫిక్కుకు చాలదు. ఇదే కంపెనీ తరువాతి బండ్లకు వచ్చిన ఏడంగుళాల ట్విన్ లీడింగ్ షూ (రెండు షూలూ సమంగా పట్టే) చక్రాన్ని, దాని బ్రేకు ప్లేటుతో సహా, ఏమీ కోయకుండా అమర్చుకోవచ్చు. రూపం కూడా పాతదిగానే ఉంటుంది. డిస్కు పెట్టాలంటే ఫోర్కులు, చక్రం అన్నీ మారాలి, అది మరో స్థాయి పని. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ములోని ధూళిని నోటితో గాని ఎయిరుతో గాని ఊదకండి, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. బ్రేకు, క్లచ్ కేబుళ్లు బయటికి బాగానే కనిపించినా కొత్తవి వేయండి.

చక్రాలకు ఒక్కొక్కదానికి 40 స్పోకులు ఉంటాయి. స్పోకులను పెన్సిలుతో తట్టుతూ వినండి, మిగతావాటి కంటే మొద్దుగా మోగినది వదులైనది. టైర్లు 3.25-19 కొలతవి. కొంచెం నిండుగా కనిపించాలంటే 3.50-19 వరకు వెళ్లవచ్చు, చైను, మడ్‌గార్డుల దగ్గర ఖాళీ చూసుకోవాలి. బొద్దు టైరు కోసం స్వింగ్ ఆర్మును వంచడం, చైను వరుసను పక్కకు జరపడం వంటివి వద్దు. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. దుకాణంలో ఏళ్లుగా వేలాడిన టైరును కొత్తదిగా అమ్మేవారు ఉన్నారు, ఆ ముద్ర చూడకుండా కొనకండి.

వైరింగు విషయంలో అతుకులు వేసి నెట్టుకురావద్దు, మొత్తం కొత్తగా వేయండి. ఇది ఇంట్లో కూర్చుని నిదానంగా చేసుకోగలిగిన పని, నిజానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కూడా. ఆ కాలపు బండ్లలో చాలా వరకు 6 వోల్టులవే. అదే వాట్ల దీపానికి 12 వోల్టులతో పోలిస్తే 6 వోల్టుల వ్యవస్థలో రెట్టింపు కరెంటు ప్రవహించాలి, కాబట్టి పాత స్విచ్చులలోని తుప్పు, బలహీనమైన అతుకులు దీపం వెలుగులో సగం తినేస్తాయి. తరువాతి మోడళ్ల 12 వోల్టుల స్టేటరు, రోటరు (కరెంటు పుట్టించే జంట), రెగ్యులేటరు-రెక్టిఫైయరు అమర్చుకుంటే, దానికి తగ్గట్టు బ్యాటరీ, కాయిలు, బల్బులు, హారను మారిస్తే సమస్య తీరుతుంది. ఎడమ కవరు లోపల రోటరుకూ స్టేటరుకూ మధ్య ఖాళీ చుట్టూ సమానంగా ఉండాలి, 0.2 మిల్లీమీటరు ఫీలరు అన్ని వైపులా దూరాలి. లేకపోతే రెండూ రాసుకుని కాలిపోతాయి. బ్యాటరీ నుంచి వచ్చే మొదటి వైరులోనే ఫ్యూజు పెట్టండి. హెడ్‌లైటును రిలే ద్వారా నడపండి. ఎర్తు వైరును చాసిస్ మీద నమ్మకుండా విడిగా లాగండి, పెయింటు వేసిన బండిలో సగం కరెంటు సమస్యలు ఎర్తు సరిగా లేకనే వస్తాయి.

పెట్రోలు టాంకులో తుప్పు తప్పకుండా ఉంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, తరువాత చాకలి సోడా నీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు చుట్టూ పారేలా తిప్పాలి. బ్యాటరీ ఛార్జరు, సోడా నీళ్లతో చేసే విద్యుద్విశ్లేషణ పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. అయితే అందులో హైడ్రోజను వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, లోపల వేలాడదీసే ఇనుప ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, ఎందుకంటే అది విషపూరితమైన క్రోమియాన్ని నీళ్లలోకి వదులుతుంది. టాంకుకు చిల్లు ఉంటే దాన్ని అతికే పని ఇంట్లో చేయకండి. ఏళ్లుగా ఖాళీగా ఉన్న టాంకులో కూడా ఆవిరి మిగిలి ఉండి పేలిన సందర్భాలు ఉన్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుచేత పెట్రోలు పైపు, కార్బొరేటరు రబ్బర్లు ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయండి, బండిని నెలల తరబడి నిలపవలసి వస్తే టాంకు, కార్బొరేటరు ఖాళీ చేయండి. ప్లగ్గు మొన మరీ తెల్లగా వస్తుంటే కార్బొరేటరులో పెట్రోలు కొలిచే మెయిన్ జెట్టు ఒక అంకె పెంచవలసి రావచ్చు.

ఇప్పుడు రూపం. మీరు తీసేయాలనుకుంటున్న హెడ్‌లైటు డోము, రెండు వైపులా పులి కళ్లలా ఉండే చిన్న దీపాలతో సహా, అలంకారం మాత్రమే కాదు. ఫోర్కు గొట్టాల పైచివరలను పట్టి ఉంచేది అదే. దాన్ని తీయాలంటే వేరే పై ప్లేటు, వేరే అమరిక కావాలి, ఫోర్కులకు బిగించే క్లిప్-ఆన్ హ్యాండిళ్లు కూడా అది ఉండగా కుదరవు. నా సలహా, డోమును ఉంచి, దాని మీదే బిగించే చదునైన పొట్టి హ్యాండిల్ వేసుకోవడం. ఫుట్‌రెస్టులు కొద్దిగా వెనక్కి జరపాలన్న ఆలోచన ఈ బండికి పొసగదు. కుడివైపు గేరు, దాని పక్కన న్యూట్రల్ లివరు, ఎడమవైపు బ్రేకు రాడ్డు ఉన్న అమరికలో లింకులు పెట్టి వెనక్కి లాగితే గేరు తప్పుగా పడుతుంది, బ్రేకు మెత్తబడుతుంది. సీటు విషయంలో, ఒకప్పుడు బుల్లెట్లకు వచ్చిన స్ప్రింగుల విడి సీటు, వెనక చిన్న విడి పిలియన్ సీటు వేసుకోండి. వెనక సీటు లేకుండా చూస్తే అదే మీరు కోరుకునే ఒంటి సీటు రూపం, అది ఉంటే చట్టానికీ ఇంట్లోవాళ్లకూ సమ్మతం. మడ్‌గార్డులు కోయకుండా, పొట్టివి వేరే కొని వేసుకుని, పాతవి దాచండి. ఇంతటితో బండి ఆకారం ఎంత మారుతుందో మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

సైలెన్సరు గురించి మీరు అడగలేదు, కాని ఎవరో ఒకరు షార్ట్ బాటిల్ (పెద్ద చప్పుడు చేసే పొట్టి సైలెన్సరు) వేయమని తప్పకుండా చెబుతారు. విశాఖపట్నంలో పోలీసులు అటువంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు. జరిమానా మాట అటుంచితే, లోపల అడ్డులేని సైలెన్సరు వేసి జెట్టు సరిచేయకపోతే మిశ్రమం పలుచబడి ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. ఆసుపత్రి పక్కనుంచి, పరీక్షలకు చదువుకునే పిల్లల ఇళ్ల పక్కనుంచి మీరు వెళుతున్నప్పుడు బుల్లెట్ చప్పుడు గంభీరంగా ఉంటే చాలు, గుండె అదరనక్కరలేదు. కంపెనీ సైలెన్సరు ఉంచండి.

పెయింటుకు ముందు టాంకును తడిగుడ్డతో తుడిచి ఒకసారి శ్రద్ధగా చూడండి. బుల్లెట్ టాంకుల మీది బంగారు గీతలు మద్రాసు ఫ్యాక్టరీలో కుంచెతో, చేత్తో గీసినవి. అవి ఇంకా నిలిచి ఉంటే, కొంత మాసినా సరే, ఆ టాంకును గీకించకండి. మెల్లగా పాలిష్ చేసి, మిగతా బండికి దానికి తగిన నలుపు వేయండి. అంత పాత చేతిపనిని మళ్లీ కొనలేం. మిగతా భాగాలకు గీకిన రోజునే ప్రైమరు వేయాలి, కోస్తాలో ఆ గాలి తేమకు గీకిన ఇనుము మీద రాత్రికి రాత్రే ఎర్రటి పొర పడుతుంది. హార్డెనరు కలిపే రెండు డబ్బాల పెయింటును ఇంట్లో స్ప్రే చేయకండి. దానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆ భాగాలను స్ప్రే గది ఉన్న షాపుకు ఇవ్వండి. షెడ్డులో పొడి రకం అగ్నిమాపక సిలిండరు ఒకటి తలుపు దగ్గర ఉండాలి, లోపలి మూలలో కాదు. తలుపులు మూసి ఇంజను నడపకూడదు. పెట్రోలు కడిగిన పళ్లెం పక్కన దేవుడి దీపం గాని, మిక్సీ స్విచ్చు గాని ఉండకూడదు.

ఆయుధపూజ గడువు గురించి చెప్పాలంటే, పేరు మార్పు, బోరింగు, పెయింటు మూడూ మీ చేతిలో లేని పనులు. వాటిని తొందరపెట్టకండి. పండగనాటికి బ్రేకులు, వైరింగు అయి ఇంజను అంటుకునే స్థితికి వస్తే, పాత పెయింటుతోనే నిమ్మకాయలు తొక్కించి పూజ చేసుకోవడానికి అభ్యంతరం ఏముంది?

బోరింగు చేయించినట్లయితే మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకండి, అయితే ఒకే వేగంలో కూడా సాగించకండి, యాక్సిలరేటరును పెంచుతూ తగ్గిస్తూ నడపండి. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారిన తరువాత హెడ్డు నట్టులు మళ్లీ టార్కు రెంచితో బిగించి, టాపెట్లు మళ్లీ చూడండి. కొత్త గాస్కెట్టు నొక్కుకున్నందువల్ల అవి తప్పకుండా మారి ఉంటాయి. తొలి ఆయిలును 500 దగ్గర మార్చి, ఫెల్టు ఫిల్టరులో ఏం చిక్కిందో తెల్లని కాగితం మీద పరిచి చూడండి. మెరిసే సన్నని పొడి కొద్దిగా ఉండడం సహజం. పొలుసులు, ముక్కలు కనిపిస్తే బండిని నడపకుండా మళ్లీ కనెక్టింగ్ రాడ్డు ఆట దగ్గరనుంచి చూడడం మొదలుపెట్టండి. అదే సమయంలో చక్రాల స్పోకులు, ఇంజను ప్లేట్ల బోల్టులు, షాకబ్జర్ల బోల్టులు ఒక వరుసలో బిగించండి. సింగిల్ సిలిండరు అదురుకు వదులయ్యేవి ముందుగా ఇవే.